పాత పడవ, మామూ పానాలు

తెలుగులో లంగరు ఉంది, చుక్కాని ఉంది, సరంగు ఉన్నాడు, కలాసీ ఉన్నాడు. నాలుగూ మన గుమ్మం దాటి వెళ్ళిన లఫ్జులే. లంగర్ ఫారసీ. చుక్కాని అరబీ సుక్కాన్. ఫారసీ సర్‌హంగ్ గోదావరి లాంచీ ఎక్కి సరంగు అయ్యాడు. ఖలాసీ మన రేవుల్లో కలాసీ అయ్యాడు. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి ఇలాంటి మాట కనిపిస్తే దూరపు చుట్టం బస్టాండులో ఎదురైనట్టు ఉంటుంది నాకు. మాటలైతే ఇన్ని ఇచ్చాం గానీ, మా ఖాందాన్ మొత్తంలో సముద్రం మీద సొంత పడవ ఉన్నవాడు ఒక్కడే. అదీ విశాఖలోనో మచిలీపట్నంలోనో కాదు, శాన్‌ ఫ్రాన్సిస్కో బేలో.

అతను మా మామూజాద్ భాయ్. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నేను భాయ్‌జాన్ అంటాను. ఫ్రీమాంట్‌లో ఇల్లు, సాఫ్ట్‌వేర్‌లో కొలువు. 2016లో 14,000 డాలర్లు పెట్టి 1982లో కట్టిన తెరచాప పడవ కొన్నాడు. అప్పటి లెక్కలో తొమ్మిది లక్షల పైచిలుకు రూపాయలు. ఈ ఖబర్ విజయవాడ చేరేసరికి "షిప్పు కొన్నాడంట" అయింది. ఒక వలీమాలో బిర్యానీ ముందు కూర్చున్న పెద్దాయన నన్ను పట్టుకుని "ఎన్ని అంతస్తులు?" అని అడిగాడు కూడా.

అంతస్తుల్లేవు. కాటలీనా 30 అనే రకం అది. ముప్పై అడుగుల పొడవు, పదకొండు అడుగులకు కాస్త తక్కువ వెడల్పు. లోపలికి దిగితే మనిషి నిలబడొచ్చు. ఒక మేజా, రెండు మంటల పొయ్యి, గల్లీలాంటి దారి, మంచం మీదికి వంగి ఎక్కాల్సిన ముందు గది, తలుపేసుకుంటే మోకాళ్ళు తగిలే బైతుల్‌ఖలా. మన పాతబస్తీలో అద్దెకున్న ఒంటి గది వాటాను నీళ్ళ మీద పెట్టినట్టు ఉంటుంది. మొత్తం బరువు సుమారు 4,600 కిలోలైతే, అందులో 1,900 కిలోలు అడుగున వేలాడే సీసపు దిమ్మ. దాన్ని కీల్ అంటారు. గాలికి పడవ ఎంత ఒరిగినా మళ్ళీ లేపి నిలబెట్టేది అదే. 1970ల నడిమి నుంచి లాస్ ఏంజిలిస్ వైపు ఈ రకం పడవలు ఆరువేల పైన కట్టారు. ఒక తరం అమెరికన్ మధ్యతరగతి మనిషి జీతం మీద బతుకుతూ కొనుక్కోగలిగిన పడవ. ఇప్పుడు ఆ తరం ముసలిదైపోయి అమ్ముకుంటోంది. అందుకే ధరలు అంత తక్కువ. పాత స్కూటర్ ఇచ్చేస్తా పట్టుకుపో అన్నట్టు, ఉట్టిగా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఉట్టిగా వచ్చే పడవే అన్నిటికంటే మెహంగా. ఎందుకో చెప్తాను.

ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు చావదు. అరవైల్లో పోసిన ఒళ్ళు కూడా ఇవాళ్టికీ తేలుతున్నాయి. చచ్చేవల్లా ఆ ఒంటికి బిగించినవి. తీగలు, తాడులు, నట్టులు, రబ్బరు గొట్టాలు, వైర్లు, ఇంజన్, తెరచాప. నలభై ఏళ్ళ పడవ అంటే నలభై ఏళ్ళ ఒంటి మీద ఒక్కోటి ఒక్కో ఉమ్ర్‌లో ఉన్న సామాను. వాటిలో ఏది ఎప్పుడు మార్చారో పాత యజమానికి కూడా యాద్ ఉండదు. కొన్నవాడు ఒక్కోదాన్నీ విప్పి, చూసి, దాని వయసు తనే కనిపెట్టుకోవాలి.

భాయ్‌జాన్ మొదటి నాలుగేళ్ళు ఏం చేశాడు? పైకి కనిపించేవి మార్చాడు. జీపీఎస్ తెర పెట్టాడు. దీపాలన్నీ ఎల్‌ఈడీ చేశాడు. సోలార్ పలకలు బిగించాడు. లిథియం బ్యాటరీలు కొన్నాడు. వాటితో ఒక చిక్కు ఉంది, ఎవరైనా చేయించాలనుకుంటే తెలుసుకోండి. పాత ఇంజన్‌కుండే ఆల్టర్నేటర్ పాత సీసం బ్యాటరీల కోసం చేసింది. సీసం బ్యాటరీ నిండుతున్న కొద్దీ కరెంటు తక్కువ తాగుతుంది. లిథియం అలా కాదు, చివరిదాకా ఎంత ఇస్తే అంత తాగుతూనే ఉంటుంది. దాహం తీరదు. ఆ ఇచ్చేవాడు ఇచ్చి ఇచ్చి కాలిపోతాడు. మధ్యలో ఒక నియంత్రణ పెట్టె పెట్టాలి, దానికి వేరే ఖర్చు.

ఇవన్నీ చేసినవాడు నీళ్ళ కింది సంగతి చూడలేదు. ఇది భాయ్‌జాన్ ఒక్కడి ఆదత్ కాదు. ఇల్లు కట్టినా మనం ముందు హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయిస్తాం, డ్రైనేజీ గురించి తర్వాత ఏడుస్తాం.

పడవ అడుగున కన్నాలుంటాయి. ఇది విన్న రోజు మా ముమానీ "యా అల్లాహ్, కన్నాలు పెట్టి అమ్ముతారా?" అంది. కావాలని పెట్టినవే. ఇంజన్ చల్లబడటానికి సముద్రపు నీళ్ళు లోపలికి రావడానికొకటి, సింకు నీళ్ళు పోవడానికొకటి, అలా అయిదారు. ప్రతి కన్నానికీ లోపల ఒక వాల్వు, వాల్వుకు రబ్బరు గొట్టం, గొట్టానికి స్టీల్ క్లిప్పు. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళం గొట్టం ఊడితే నిమిషానికి దాదాపు 200 లీటర్ల నీళ్ళు లోపలికి వస్తాయి. ఇంత పడవలో మామూలుగా పెట్టే చిన్న కరెంటు మోటారు తోడేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. తుపానులో మునిగే పడవల కంటే రేవులో కట్టేసి ఉండగా ఇలా నిశ్శబ్దంగా మునిగేవే ఎక్కువని పడవల వాళ్ళందరూ చెబుతారు. రాత్రి కట్టేసి ఇంటికి పోతారు, తెల్లారి వచ్చి చూస్తే స్తంభం మాత్రం పైకి కనిపిస్తూ ఉంటుంది.

ఆ కాలపు పడవల్లో చాలావాటికి ఈ వాల్వులు మన ఇంటి పైపులకు వాడే ఇత్తడి గేట్ వాల్వులు. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి ఒక్కటే మిగులుతుంది. పైకి చూస్తే వాల్వు వాల్వులాగే ఉంటుంది. గీకితే గులాబీ రంగులో, బిస్కెట్‌లా పొడిపొడిగా. పడవను క్రేన్‌తో ఒడ్డుకు ఎత్తించిన రోజు భాయ్‌జాన్ ఒక వాల్వు పిడి తిప్పబోతే పిడి చేతిలోకి వచ్చేసింది. నీళ్ళలో ఉండగా వచ్చి ఉంటే? అప్పట్నుంచీ ప్రతి వాల్వు పక్కనా మెత్తటి చెక్కతో చేసిన కోను బిరడా ఒకటి తాడుతో కట్టి వేలాడదీశాడు. గొట్టం ఊడితే దాన్ని కన్నంలో దిగగొట్టాలి. వందల ఏళ్ళనాటి ఇలాజ్, రెండు డాలర్లు. ఆ పడవలో అంతకంటే అక్కరకొచ్చే సామాను నాకేదీ కనిపించలేదు.

అన్నట్టు, ఉప్పునీళ్ళలో రెండు లోహాలు కలిసి ఉంటే బ్యాటరీలాగా ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. అందుకని ప్రొపెల్లర్ ఇరుసుకు ఒక జింకు ముద్ద బిగిస్తారు. కరెంటు ముందు జింకును తింటుంది, కంచు బతికిపోతుంది. కొన్ని నెలలకోసారి ఈతగాడు కిందికి దిగి తినేసిన ముక్క తీసి కొత్తది పెట్టి వస్తాడు. ఇంగ్లీషులో దానికి బలి అనే అర్థం వచ్చే పేరే ఉంది. మా భాయ్‌జాన్ దాన్ని 'ఖుర్బానీ జింక్' అంటాడు. పిల్లలు కూడా అదే దాని అసలు పేరనుకుంటున్నారు.

ఇప్పుడు అసలు ముఆమిలా. 2023లో బీమా కంపెనీ కొత్తగా సర్వే చేయించమంది. వచ్చిన మనిషి చిన్న సుత్తితో డెక్ అంతా టక్ టక్ అని కొట్టుకుంటూ తిరిగాడు. పుచ్చకాయ కొట్టి చూసినట్టే. గట్టిగా మోగితే లోపల పొర ఎండుగా ఉన్నట్టు, మొద్దుగా పలికితే తడిసి కుళ్ళినట్టు. ప్రతి స్క్రూ కన్నం దగ్గరా పాత జిగురు ఎండిపోయి, ఏళ్ళ తరబడి చుక్క చుక్కగా నీళ్ళు దిగుతాయి. కన్నాన్ని పెద్దది చేసి, లోపలి కుళ్ళు గీకి తీసి, ఎపాక్సీ నింపి, అది రాయిలా అయ్యాక మళ్ళీ సరైన సైజులో కన్నం వెయ్యాలి. ఒక్కో స్క్రూకూ ఇంత తతంగం. అలాంటివి ఇరవై మూడు తేలాయి. అంతకంటే పెద్దది స్తంభాన్ని పట్టుకుని ఉండే స్టీల్ తీగల పని. అవి పదీ పదిహేనేళ్ళకోసారి మార్చాలని రివాజు. మా వాడి పడవకున్నవి ఎప్పటివో హిసాబ్ లేదు. మారిస్తేనే బీమా, బీమా ఉంటేనే రేవులో చోటు.

స్టెయిన్‌లెస్ స్టీల్ అనే పేరు విని మోసపోకండి. దాని మీద కంటికి కనపడని ఒక పల్చటి పొర ఉంటుంది. గాలి తగులుతున్నంతకాలం గీత పడినా ఆ పొర తనే మళ్ళీ కట్టుకుంటుంది. గాలి తగలని చోట, తడి మాత్రం నిలిచిన చోట, ఆ పొర కట్టుకోలేదు. అక్కడ లోపల్లోపల చీలుతుంది. డెక్ లోంచి దూరి వెళ్ళే పట్టీలు, తీగ చివర నొక్కిన గొట్టం లోపల, అన్నీ ఇలాంటి చోట్లే. పైన అద్దంలా మెరుస్తుంది, లోపల పుచ్చిపోయి ఉంటుంది. పనివాళ్ళతో చేయిస్తే తీగలకే ఆరువేల డాలర్లు అన్నారు. అక్కడ పడవ మేస్త్రీల కూలి గంటకు నూట యాభై డాలర్లు. రెండు వారాలు పెట్టుకుంటే పడవ కొన్న ధర దగ్గరికి వచ్చేస్తుంది. అంచేత పాత పడవ ఉంచుకోవాలంటే ఒకటే షరతు. సొంత చేతులకు మసి అంటాలి.

ఇక్కడే మా మామూ వస్తాడు.

మామూ విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు డీజిల్ పంపు మెకానిక్. లారీ పంపులు, నాజిళ్ళు, ఆపైన ట్రాక్టర్లు. కృష్ణా గుంటూరు జిల్లాల్లో పొలాల్లో బండి మొరాయిస్తే "సాయిబు షెడ్డుకు తీసుకుపో" అనే మాట మీరూ విని ఉంటారు. ఆ సాయిబుల్లో మామూ ఒకడు. నా వేసవి సెలవులు ఆ షెడ్డులోనే గడిచాయి. పానాలు సైజు ప్రకారం అందించడం, నాజిల్ పిన్నులు కిరసనాయిల్‌లో కడగడం నా డ్యూటీ. రోజుకు రెండు రూపాయలు, ఒక గోలీ సోడా. నన్ను రానిచ్చేవాడు గానీ కన్నకొడుకును గడప తొక్కనిచ్చేవాడు కాదు. "తేరే హాథ్ కాలే నై హోనా" అనేవాడు. నీ చేతులు నల్లబడొద్దు. అందుకోసం ఇంగ్లీష్ మీడియం, అందుకోసం ఎంసెట్ కోచింగ్, అందుకోసం ముమానీ కంగనాలు తాకట్టు. మన ఇళ్ళల్లో ఎంతమంది అబ్బాలు ఈ మాట అన్నారో, ఎంతమంది అమ్మీల కంగనాలు అలా వెళ్ళాయో, చదువుతున్న మీకు నేను చెప్పక్కర్లేదు. నేనేమో ఉర్దూ మీడియం కుర్రాణ్ణి, పెద్దగా ఆశలు లేని కేసు. నా చేతుల గురించి ఎవరికీ పరేషానీ లేదు.

2024 వేసవిలో మామూనీ ముమానీనీ అమెరికా తీసుకువెళ్ళే బాధ్యత నాకు పడింది. మామూకు డెబ్భై ఎనిమిది. ఒంటరిగా దోహాలో విమానం మారలేరని భాయ్‌జాన్ నాకూ టికెట్ తీశాడు. పేపర్‌లో ఆరు వారాల సెలవు దొరకబుచ్చుకున్నాను.

మూడో రోజే మామూ పడవ చూస్తానన్నాడు. ఆ పాటికి భాయ్‌జాన్ పడవలోనే ఉన్నాడు. మేం వెళ్ళేసరికి ఇంజన్ మూత తీసి, లోపలికి నడుం దాకా దూరి, మోచేతుల వరకూ నల్లటి ఆయిల్‌తో పైకి లేచాడు. నవ్వుతున్నాడు. మామూ నవ్వలేదు. కొడుకు చేతుల వైపే చూశాడు చాలాసేపు. ఆ చేతులు అచ్చం ఆటోనగర్ చేతులు. "ఇసీచ్ కే లియే పఢాయా క్యా మైఁ?" అన్నాడు చివరికి, మెల్లగా. ఇందుకేనా చదివించింది. భాయ్‌జాన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. నేను సీగల్ పక్షుల గురించి ఏదో మాట్లాడాను. ఎవరూ వినలేదు.

ఆ పూట మామూ పడవ ఎక్కలేదు. కారులో తిరిగి వస్తూ భాభీతో "అమ్మేయించమ్మా" అన్నాడు. భాభీకి కావలసిందీ అదే. ఆవిడ అకౌంటెంట్. ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, పడవ మీద పెట్టిన ప్రతి డాలరూ అందులో ఉంది. పడవల వాళ్ళు సరదాకి వెయ్యి డాలర్లను ఒక 'పడవ డాలర్' అంటారు. భాభీకి ఆ జోక్ నచ్చదు. ఎనిమిదేళ్ళలో రేవు కిరాయి ఒక్కటే 33,000 దాటింది. అంటే పడవను నిలబెట్టిన జాగాకే పడవ కొన్న ధరకు రెండింతలపైన. పెద్దమ్మాయికి పదిహేడు, వచ్చే ఏడు కాలేజీ. ఆవిడ వాదనలో నాకు తప్పేమీ కనపడలేదు. ఇప్పుడూ కనపడదు.

అమ్మాలన్నా ఇంజన్ తిరగాలి కదా. ఆ ఇంజన్ జబ్బు ఏమిటంటే, స్టార్ట్ అవుతుంది, అయిదు నిమిషాలు తిరుగుతుంది, ఎగశ్వాస వచ్చినట్టు ఊగి ఆగిపోతుంది. ఒకసారి సరిగ్గా రేవు మొగ దగ్గర ఆగితే, తెరచాప విప్పి గాలితోనే లోపలికి తెచ్చుకున్నాడట. వచ్చిన మెకానిక్ పంపు మొత్తం విప్పి కొత్తగా చేయాలన్నాడు, 1,800 డాలర్లు. ఈ మాట రాత్రి రోటీలు తింటుండగా మామూ చెవిన పడింది. "పంపా?" అన్నాడు. అంతే. పొద్దున ఫజ్ర్ అయ్యాక నా గది తలుపు కొట్టాడు. వెళ్దాం పద.

ఇంజన్ చూడగానే ఆయన ముఖం విప్పారింది. "యే తో ట్రాక్టర్ కా ఇంజన్ హై రే!" నిజమే. పైన యూనివర్సల్ అని పేరున్నా, లోపలి దిమ్మ కుబోటా వాళ్ళది. జపాన్‌లో చిన్న ట్రాక్టర్లకు చేసిన రెండు సిలిండర్ల, పదకొండు హార్స్‌పవర్ డీజిల్. సముద్రపు నీటితో చల్లబరిచే సామాను తగిలించి పడవల్లో దింపారు. మామూ చేతికి తెలిసిన చుట్టమే.

స్టార్ట్ చేయించాడు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన పంపు మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండు నిమిషాలు. "పంపుకు ఏం రోగం లేదు, ఎయిర్ పడుతోంది" అన్నాడు.

మరి ఎక్కడా డీజిల్ కారడం లేదు కదా అని భాయ్‌జాన్. ఇంజనీర్ ప్రశ్న. మామూ సమాధానం షెడ్డు సమాధానం. మోటారు తోసే వైపు లీకుంటే డీజిల్ బయటికి కారుతుంది, పీల్చే వైపు లీకుంటే గాలి లోపలికి పోతుంది. పీల్చేచోట చుక్క కూడా కారదు. ట్యాంకు నుంచి వేళ్ళతో తడుముకుంటూ వచ్చి ఫిల్టర్ మూతి బోల్టు దగ్గర ఆగాడు. దాని కింద రాగి వాషర్. ఎన్నిసార్లు విప్పి బిగించారో, గట్టిపడి, ఒక పక్క సన్నటి గీత. కొత్తది కొనుక్కొస్తానని భాయ్‌జాన్ కారు తాళాలు తీశాడు. మామూ ఆగమన్నాడు. వాషర్ విప్పి గీత పోయేదాకా రాతి మీద నీళ్ళ కాగితంతో రుద్దించాడు. ఆ రుద్దే పని నాది, పాత డ్యూటీయే. తర్వాత పడవలో పొయ్యి వెలిగించి, వాషర్‌ను పట్టకారుతో మంట మీద ఎర్రగా కాల్చి, టక్కున నీళ్ళలో ముంచాడు. ఇనుము అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడిన రాగి బోల్టు కింద నొక్కుకుని సందు లేకుండా కూర్చుంటుంది. బిగించి, నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి ఇంజన్ తిప్పమన్నాడు. నురగ, బుడగలు, బుడగలు, ఆపైన ఒట్టి డీజిల్. నట్టు బిగించాడు. ఇంజన్ అంటుకుంది. గంట తిరిగింది. ఆపితేగానీ ఆగలేదు.

ఆ గంటా మామూ ఊరుకోలేదు. ఇరుసు బయటికి వెళ్ళేచోట నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే చూసి "గ్లాండ్ రోప్ కదా ఇది" అన్నాడు. మన పొలాల మోటార్లకుండే గ్లాండ్ రోప్ లాంటిదే. తిరుగుతున్నప్పుడు కొన్ని చుక్కలు పడాలి, ఆగితే ఆగాలి. చుక్క పడలేదని సంబరపడి బిగిస్తే ఇరుసు కాలుతుంది. తర్వాత ట్యాంకులో గొట్టం పెట్టించి అడుగు డీజిల్ ఒక సీసాలోకి తీయించాడు. నల్లటి మడ్డి. రేవులో కదలకుండా ఉన్నంతకాలం అడుగున పడుకుంటుంది. అలలకు పడవ ఊగగానే లేచి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. అంటే ఇంజన్ అవసరమైన వేళకే ఆగుతుంది. "ముందు ట్యాంకు కడుగు, తర్వాత టీవీలు పెట్టుకో." జీపీఎస్ తెరను ఆయన టీవీ అంటాడు.

ఆ రోజు తండ్రీకొడుకుల మధ్య ఏదో పెద్ద మాటలు జరిగి ఉంటాయని మీరనుకోవచ్చు. జరగలేదు. ఇద్దరూ సింకు దగ్గర నిలబడి ఒకే గిన్నెలో సర్ఫ్, పంచదార కలుపుకుని చేతులు రుద్దుకున్నారు. పంచదార కిటుకు మామూదే.

తర్వాతి వారాల్లో తీగలు మార్చాం. కొలిచి ఆర్డరిస్తే నొక్కిన చివర్లతో సహా వచ్చాయి, సామాను వరకు 2,300 డాలర్లు. ఒక్కో తీగ మారుస్తూ, దాని స్థానంలో తాత్కాలికంగా తాడు బిగించి పెట్టుకోవాలి. లేకపోతే స్తంభం నెత్తిన పడుతుంది. నలభై అడుగుల పైకి ఎవరెక్కాలి? భాయ్‌జాన్ తొంభై కిలోలు. నాకు కళ్ళు తిరుగుతాయి. పెద్దమ్మాయి ఎక్కింది. ఊయల బల్లలాంటి గుడ్డ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు రెండో తాడు వేసి, విన్చి తిప్పి పైకి లాగాం. భాభీ రేవు చెక్కల మీద నిలబడి ఆయతుల్ కుర్సీ చదువుతూనే ఉంది. మామూ కింద నుంచి "బేటీ, పిన్ను కొస వంచావా? రెండు వైపులా వంచు" అని అరుస్తున్నాడు. పాత తీగ కిందికి దింపి భూతద్దంతో చూస్తే నొక్కిన గొట్టం మూతి దగ్గర వెంట్రుకంత చీలిక. భాయ్‌జాన్ ఆ ముక్క కోసి భాభీ నోటుబుక్కు మీద పెట్టాడు. భాభీ ఏమీ అనలేదు, అది పక్కన పెట్టి ఖర్చు రాసుకుంది.

వెళ్ళేముందు అందరం ఏంజెల్ ఐలాండ్ వెళ్ళాం. వేసవిలో లోపలి లోయలు మండుతుంటాయి కాబట్టి మధ్యాహ్నమయ్యే సరికి గోల్డెన్ గేట్ సందులోంచి చల్లగాలి దూసుకొస్తుంది. ఇరవై నాట్లు రోజూ మామూలే. పడవ పక్కకు ఒరిగితే ముమానీ నా చెయ్యి గిచ్చిపట్టుకుంది, ఆ గోటి గాటు వారం ఉంది. మామూ మాత్రం చుక్కాని పట్టుకున్న మనవరాలి పక్కన కూర్చుని, ఇంజన్ ఆపేశాక ఆ నిశ్శబ్దాన్ని నమ్మలేనట్టు పదే పదే కిందికి చూశాడు. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికిన మనిషి.

ఆ ద్వీపంలో 1910 నుంచి 1940 దాకా వలస వచ్చినవాళ్ళను ఆపి ఉంచిన బ్యారకులున్నాయి. ఎక్కువమంది చైనావాళ్ళు, మన పంజాబీలూ ఉన్నారు. చైనావాళ్ళు చెక్క గోడల మీద చెక్కిన కవితలు ఇప్పటికీ కనిపిస్తాయి. మామూ గోడను అరచేత్తో తడమబోతే అక్కడి మనిషి వద్దని సైగ చేసింది. "నా వీసా ఆర్నెల్లే" అన్నాడు నాతో, నవ్వుతూనే. అస్ర్ వేళకు ఖిబ్లా ఎటు అని అడిగాడు. విజయవాడలో పడమర. అక్కడ ఉత్తరానికి కాస్త తూర్పు. పైగా లంగరు వేసిన పడవ పోటుకూ పాటుకూ తిరుగుతూనే ఉంటుంది, నిలబడ్డప్పుడు ఒక దిక్కు, సలామ్ తిప్పేసరికి ఇంకో దిక్కు. "జమీన్ పక్కనే ఉంది కదా" అని గడ్డి మీద రుమాలు పరుచుకున్నాడు.

ఇంత జరిగాక మామూ మనసు మారిందా అంటే, లేదు. విమానంలో కూడా నాతో "అమ్మేస్తేనే మంచిది, బచ్చీ చదువుంది" అన్నాడు. బాగు చేయడం వేరు, ఉంచుకోవడం వేరు ఆయనకు. షెడ్డుకొచ్చిన ఏ బండీ ఆయనది కాదు మరి. ఆటోపైలట్ కోసం దాచుకున్న డబ్బు భాభీ కాలేజీ ఖాతాలో వేసింది. భాయ్‌జాన్ పేచీ పెట్టలేదు. పడవకు రెండేళ్ళ గడువు ఒప్పుకున్నారు. ఈ రెండేళ్ళూ కొత్తది ఏదీ కొనకూడదు, పాతవి మాత్రం బాగుచేయొచ్చు. డెక్ మీద ఇరవై మూడింటిలో పద్నాలుగు కన్నాలు పూర్తయ్యాయి. పట్టీలు విప్పి చూడాల్సి ఉంది. ట్యాంకు కడిగించాడు.

మొన్న ఆదివారం వీడియో కాల్లో మామూ ఇంజన్ శబ్దం వినిపించమన్నాడు. ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టారు. విజయవాడలో ఆయన, హైదరాబాద్‌లో నేను, అక్కడ వాళ్ళు, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం విన్నాం.

"రెండో నాజిల్ కొంచెం లేటుగా కొడుతోంది, విప్పి చూడు" అన్నాడు మామూ. ఆగి, "చేతులకు ముందే కొబ్బరి నూనె రాసుకో, మసి తొందరగా వదులుద్ది" అన్నాడు.